వ్యూహ విశ్లేషణ నేర్చుకుందాం – 4వ పాఠం: ఘాజీని ముంచింది ఏది?

పోయిన పాఠంలో సామర్థ్యం వేరు, ఉద్దేశం వేరు అని చెప్పుకున్నాం. చివర్లో ఒక ప్రశ్న ఇచ్చాను. 1971 చివర్లో, భారత్-పాక్ యుద్ధం ముంగిట, పాకిస్తాన్ దగ్గర నాలుగు జలాంతర్గాములు ఉన్నాయి: ఫ్రాన్స్‌లో తయారైన డాఫ్నే తరగతివి మూడు, అమెరికా నుంచి వచ్చిన ఘాజీ ఒకటి. వీటిలో కరాచీ నుంచి బయల్దేరి, శ్రీలంకను చుట్టి, బంగాళాఖాతంలో రోజుల తరబడి కాపు కాయగలిగేది ఏది?

జవాబు ఘాజీ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా నిర్మించిన టెంచ్ తరగతి జలాంతర్గామి అది. అప్పటి పేరు డయాబ్లో. పసిఫిక్ మహాసముద్రంలో జపాన్ దాకా వెళ్లి రావడానికి తీర్చిదిద్దిన తరగతి కాబట్టి, నీటిపైన నిదానంగా వెళ్తే సుమారు 11,000 నాటికల్ మైళ్లు పోగలదు. 1967లో సూయజ్ కాలువ మూతబడ్డాక మరమ్మతులకు టర్కీ వెళ్లాల్సి వస్తే, ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వెళ్లింది. డాఫ్నేలు కొత్తవే, మంచివే, కానీ ఇంత దూరం కోసం కట్టినవి కావు. చాలామంది సరిగ్గానే రాశారు. అయితే కొందరు ‘ఘాజీ పేరున్నది కాబట్టి’ అని కారణం రాశారు. జవాబు సరైనదే అయినా ఆ కారణానికి మార్కులు లేవు. దూరం, ఇంధనం, కాపు కాసే రోజులు, ఈ మూడూ లెక్క వేస్తేనే అది విశ్లేషణ అవుతుంది.

ఇలాంటి లెక్క మన నావికాదళం కూడా వేసుకుంది. దానికి తోడు ఒక చిన్న సమాచారం చిక్కింది. అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రేవు చిట్టగాంగ్‌లోని పాక్ నావికాదళ అధికారులకు ఒక వైర్‌లెస్ సందేశం వచ్చింది. ఒక రకం లూబ్రికేటింగ్ ఆయిల్ అక్కడ దొరుకుతుందా అని అందులో ఆరా. ఆ ఆయిల్ వాడేది జలాంతర్గాములు, మైన్లు (సముద్రంలో పరిచే మందుపాతరలు) ఏరే ఓడలు మాత్రమే. తూర్పు నావికాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ యంత్రాంగం దాన్ని పట్టుకుని, జలాంతర్గామి ఏదో మన వైపు వస్తోందని, వచ్చేది ఘాజీయే అయి ఉంటుందని అంచనాకు వచ్చింది. ఈ ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. రహస్య పత్రమూ కాదు, గూఢచారి తెచ్చిన పటమూ కాదు, ఒక సరుకు కోసం అడిగిన మామూలు ప్రశ్న. యుద్ధానికి ముందు ఉద్దేశాలు ఎక్కువగా సరఫరాల్లోనే బయటపడతాయి. వార్తలు చదివేటప్పుడు నాయకుల ప్రకటనల కన్నా ఇంధనం, రక్తనిల్వలు, రైల్వే వ్యాగన్ల గురించి వచ్చే చిన్న వార్తల దగ్గర ఎక్కువసేపు ఆగండి.

ఇక ఇవాళ్టి పాఠం. ఒకే సంఘటనకు రెండు దేశాలు రెండు కథలు చెబితే, వాటిని ఎలా తూచాలి?

ముందు ఎవరూ పెద్దగా కాదనని విషయాలు. 1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతికి దెబ్బతీయడం మొదటి పని, విశాఖ ముంగిట మైన్లు పరచడం రెండో పని. విక్రాంత్‌కు ఒక బాయిలర్ చెడిపోయి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. కృష్ణన్ దాన్ని అండమాన్ దీవులకు పంపేశారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన డిస్ట్రాయర్ తరహా పాత యుద్ధనౌక రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గరి సముద్రంలో విక్రాంత్‌లా నటించమన్నారు. అంటే పెద్ద ఓడ నుంచి వచ్చేంత వైర్‌లెస్ సందడి చేయడం. విశాఖలో పెద్ద ఎత్తున సరుకులు కూడా ఆర్డర్ చేశారు, ఆ కబురు గూఢచారుల చెవిన పడాలని. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ హార్బరు దాటింది. నీటిలో అలజడి కనబడితే రెండు డెప్త్ చార్జ్‌లు (నీటి లోతులో పేలే బాంబులు) జారవిడిచింది. కాసేపటికి విశాఖలో కిటికీలు అదిరేంత పేలుడు వినిపించింది. హార్బరు ముంగిటే ఘాజీ మునిగింది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. శకలాలు ముందు చూసింది జాలర్లు. ఆ తర్వాత గజ ఈతగాళ్లు దిగి నిర్ధారించారు. డిసెంబరు 9న భారత్ ప్రకటించింది.

ఎందుకు మునిగింది అన్నది మొదలయ్యేది ఇక్కడే. మూడు వాదాలున్నాయి. ఒకటి, రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌లు ముంచాయి. ఇది భారత నావికాదళ వాదం. రెండు, తాను పరిచిన మైన్ల మీదికే ఘాజీ వెళ్లింది. మూడు, బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ పోగుపడి లోపల పేలింది, లేదా లోపలి మందుగుండే పేలింది. పాకిస్తాన్ వైపు నుంచి రెండో వాదం, మూడో వాదం రెండూ వినిపిస్తాయి.

కాగితం తీసుకోండి. మూడు నిలువు గడులు గీసి, పైన మూడు వాదాల పేర్లు రాయండి. ఎడమ వైపు ఒక్కో వరుసలో ఒక్కో ఆధారం. ప్రతి గడిలో ప్లస్, మైనస్, సున్నా ఏదో ఒకటి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో దశాబ్దాల పాటు పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్ రూపొందించిన పద్ధతి ఇది. చూడటానికి బడిపిల్లల పట్టికలా ఉంటుంది కానీ ఇందులో కీలకం ఒకటుంది: గడులు నిలువుగా నింపకూడదు, అడ్డంగా నింపాలి. నిలువుగా నింపితే మనకు నచ్చిన వాదం కింద ప్లస్సులు పేర్చుకుంటూ పోతాం. అడ్డంగా వెళ్తే ప్రతి ఆధారాన్నీ మూడు వాదాల ముందూ నిలబెట్టి ‘నువ్వు ఎవరికి అడ్డం?’ అని అడగాల్సి వస్తుంది. మనం వెతికేది బలపరిచే ఆధారం కాదు, ఏదో ఒక వాదాన్ని విరగ్గొట్టే ఆధారం.

మొదటి వరుస. నీటిలో తేలిన వస్తువుల్లో డయాబ్లో పేరున్న లైఫ్ జాకెట్ దొరికిందని మనవైపు కథనాల్లో వస్తుంది. టీవీ కార్యక్రమాల్లో దీన్ని గొప్ప సాక్ష్యంగా చూపిస్తారు. గడులు నింపి చూడండి: సున్నా, సున్నా, సున్నా. మునిగింది ఘాజీ అని అది చెబుతుంది, ఎందుకు మునిగిందో చెప్పదు. అన్ని వాదాలకూ సరిపోయే ఆధారం ఎంత ఆకట్టుకునేదైనా ఈ ప్రశ్నకు పనికిరాదు. ఈ ఒక్క వడపోత అలవాటైతే యుద్ధ వార్తల్లో సగం చప్పుడు తగ్గిపోతుంది.

రెండో వరుస, సమయం. డెప్త్ చార్జ్‌లు, పెద్ద పేలుడు కొద్ది నిమిషాల తేడాతో జరిగాయి. మొదటి వాదానికి ఇది పెద్ద ప్లస్. మిగతా రెండు వాదాలు నిజమైతే, అన్ని రోజుల కాపులో సరిగ్గా ఆ నిమిషాల్లోనే ప్రమాదం జరగడం కాకతాళీయం అనుకోవాలి. అసాధ్యం కాదు, అరుదు. కాబట్టి వాటికి మైనస్. అయితే ఈ సమయాలు మనకు ఎవరి ద్వారా వచ్చాయో పక్కన రాసుకోండి. దాడి చేసిన పక్షం ద్వారా. తూర్పు సైనిక కమాండ్‌లో అప్పుడు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జె.ఎఫ్.ఆర్. జేకబ్ తర్వాతి కాలంలో, ఘాజీ ప్రమాదవశాత్తూ పేలిందే తప్ప నావికాదళం ముంచింది కాదని రాశారు. మనవైపు మనిషి మనవైపు ఘనతకు వ్యతిరేకంగా చెప్పిన మాటకు మామూలుగా బరువెక్కువ ఇస్తాం. కానీ ఆయన సైన్యం మనిషి, ఘనత నావికాదళానిది. అదీ పక్కన రాసుకోవాల్సిందే.

మూడో వరుస దగ్గర కాసేపు ఆగుదాం. ఘాజీకి ఎక్కువ దెబ్బ తగిలింది ముందుభాగంలో. టార్పెడోలు, మైన్లు ఉండేది అక్కడే. ఇనుప రేకులు లోపలి నుంచి బయటికి విచ్చుకున్నాయన్న మాట భారతీయ కథనాల్లోనే వస్తుంది. ‘ఇంకేముంది, లోపలే పేలింది, మూడో వాదం గెలిచింది’ అని చాలామంది ఇక్కడ పుస్తకం మూసేస్తారు. తొందరపడకండి. డెప్త్ చార్జ్ బయట పేలుతుంది, మైను కూడా బయటే పేలుతుంది. ఆ రెండూ మొదట చేసే పని పొట్టును, అంటే జలాంతర్గామి ఇనుప గోడను, లోపలికి నొక్కడం. కానీ ఆ తాకిడికి లోపలున్న మందుగుండు అంటుకుంటే తర్వాత వచ్చే పేలుడు రేకుల్ని బయటికి విప్పేస్తుంది. హైడ్రోజన్ అంటుకున్నా అంతే. టెంచ్ తరగతిలో ముందు టార్పెడో గది వెనకే బ్యాటరీ గది ఉంటుంది. విశాఖ కిటికీలను అదిరించిన చప్పుడు కూడా రెండు డెప్త్ చార్జ్‌లకు మించిన పేలుడునే సూచిస్తుంది.

అంటే ఈ ఆధారం వాదాల మధ్య తేడా చూపడం లేదు. మన ప్రశ్నే సరిగ్గా లేదని చూపిస్తోంది. ‘ఏది ముంచింది’ అన్నదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. పొట్టును చీల్చింది ఏది? ఆ పేలుడును రగిలించింది ఏది? మొదటిదానికి లోపలి మందుగుండు అనే జవాబు బలంగా నిలుస్తుంది. రెండోదానికి డెప్త్ చార్జ్, మైను, హైడ్రోజన్ మూడూ ఇంకా బరిలోనే ఉన్నాయి. పట్టిక వేస్తే వచ్చే అసలు లాభం ఇదే. చాలాసార్లు అది జవాబు ఇవ్వదు, ప్రశ్నను విడదీస్తుంది. రెండు దేశాలూ యాభై ఏళ్లుగా ఒకదాన్నొకటి కాదనుకుంటున్న మాటల్లో కొంత భాగం ఒకేసారి నిజం అయ్యే వీలుందని కూడా అప్పుడే కనబడుతుంది.

ఆధారం లేకపోవడాన్ని కూడా ఒక వరుసగా రాయాలి. ఘాజీలో ఏం జరిగిందో చెప్పడానికి బతికిన మనిషి లేడు. మన నావికాదళం దగ్గర ఆనాటి రికార్డులు కొన్ని ఇప్పుడు లేవని 2010లో పత్రికల్లో వచ్చింది. ‘దాచారంటే తప్పు చేసినట్టే’ అని వెంటనే మైనస్ పెట్టేయకండి. కాగితాలు పోవడానికి నిర్లక్ష్యం చాలు, కుట్ర అక్కర్లేదు. ప్రకటన కొన్ని రోజులు ఆలస్యం కావడం కూడా అంతే. గజ ఈతగాళ్ల నిర్ధారణకు సమయం పడుతుంది, శత్రువుకు తన జలాంతర్గామి ఏమైందో తెలియకుండా ఉంచడమూ లాభమే.

ఇప్పుడు తీర్పు రాయడం. సీఐఏలో అంచనాలు రాసే బృందంలో పనిచేసిన షెర్మన్ కెంట్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశాన్ని గట్టిగా పరిగణించాలని వాళ్లు నివేదిక ఇచ్చారు. తర్వాత ఆయన సహచరులనే అడిగారు, ఆ మాట రాసేటప్పుడు మీ మనసులో ఎంత శాతం ఉందని. నూటికి 20 అన్నవాళ్లున్నారు, 80 అన్నవాళ్లూ ఉన్నారు. అందరూ ఒకే వాక్యం కింద సంతకం పెట్టినవాళ్లే. అందుకే మన తీర్పులో ‘బహుశా’, ‘కావచ్చు’ అని వదిలేయకుండా అంకె రాద్దాం.

నా అంచనా ఇది. ఘాజీ పొట్టును చీల్చింది దాని లోపలి మందుగుండు అనడానికి నూటికి 80 అవకాశం. ఆ పేలుడును రగిలించడంలో రాజ్‌పుత్ డెప్త్ చార్జ్‌ల పాత్ర ఉందనడానికి 50 నుంచి 60. సమయాల గురించి స్వతంత్ర సాక్ష్యం దొరికితే రెండో అంకె మారుతుంది. ఈ చివరి వాక్యం మరిచిపోవద్దు. ఏది దొరికితే నా అభిప్రాయం మార్చుకుంటానో ముందే రాసి పెట్టుకోని అంచనా నా దృష్టిలో అంచనా కాదు, పట్టుదల.

విశాఖవాసులకు ఒక మాట. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు నిలబడి పెరిగిన మనకు 50 నుంచి 60 అన్న అంకె మింగుడుపడదు. రాజ్‌పుత్ ధైర్యాన్ని అది రవ్వంత కూడా తగ్గించదు. నీటి కింద జలాంతర్గామి పొంచి ఉందని తెలిసీ ఆ పాత ఓడ హార్బరు దాటి బయటికి వచ్చింది. దానికి పట్టికతో పనిలేదు. అక్కడే సముద్రం అడుగున 90 మందికి పైగా మనుషులు ఉన్నారు. ఆ శిథిలాన్ని సమాధిగా గౌరవించి కదపకుండా ఉంచడం మన నావికాదళం చేసిన మంచి పనుల్లో ఒకటి. వాళ్ల మరణం గురించి గెలుపోటముల కోసం కాక, నిజం కోసం మాట్లాడటం మన బాధ్యత అనుకుంటాను.

ఇంటిపని రెండు ప్రశ్నలు. మొదటిది: రెండో వాదం నిజమైతే ఘాజీ పరిచిన మైన్లు మరికొన్ని హార్బరు ముంగిట మిగిలి ఉండాలి. డిసెంబరులో ఆ దారిన ఓడలు తిరిగాయి. ఏయే రికార్డుల్లో, ఏ మాట కనబడితే ఈ వాదం విరిగిపోతుంది, ఏ మాట కనబడితే బలపడుతుంది? కనీసం మూడు చోట్లు రాయండి.

రెండోది కొంచెం కష్టం. కృష్ణన్ ఎత్తు పారింది కాబట్టే ఘాజీ విశాఖకు వచ్చిందని అందరూ అంటారు. డిసెంబరు 4న విక్రాంత్ మీది సీ హాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి, అంటే నౌక క్షేమంగానే ఉంది. కానీ ఘాజీకి విశాఖ ముందు మైన్లు పరిచే పని ఎలాగూ ఉందని పైన చదివారు. అప్పుడు అది విశాఖ దగ్గర కనబడటం ఒక్కటే ఎత్తు పారిందనడానికి రుజువవుతుందా? రెండు గడుల పట్టిక వేసి, తేడా చూపే ఆధారం ఏదై ఉండాలో రాయండి. వచ్చే పాఠంలో ముందుగా దీన్నే విప్పి, అక్కడి నుంచి 1962 అక్టోబరులో క్యూబా మీద తీసిన యూ-2 (అమెరికా నిఘా విమానం) ఫొటోలకు వెళ్దాం. ఫొటోలో ఉన్నది క్షిపణి అని ఎలా గుర్తుపట్టారో చూడటానికి ఒక స్కేలు, భూతద్దం దగ్గర పెట్టుకోండి.