టార్చి నుంచి బండి దాకా: వానాకాలం ఖర్చు ఎక్కడ కారిపోతోంది?

2023 జులై ఆఖరి వారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. హనుమకొండలో నయీంనగర్ నాలా రోడ్డెక్కింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు గానీ రెండు రోజులు కరెంటు లేదు. ఆ రెండు రోజులకు నేను కొన్న వాటిలో సగం ఇంట్లో ఉన్నవే, కాకపోతే పనిచేయలేదు. అప్పటి నుంచి ఏది ఎందుకు మొరాయించిందో చూసుకుంటూ వస్తున్నాను.

సమస్య: టార్చి వెలగదు.
కారణం: చాలాసార్లు స్విచ్ పాడై కాదు. నెలల తరబడి లోపలే ఉన్న సెల్లులు కారిపోయి ఉంటాయి. మూత తిప్పితే స్ప్రింగు మీద తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనిపిస్తాయి.
పరిష్కారం: కొత్తది కొనకండి. చేతికి కవరు తొడుక్కుని పాత సెల్లులు తీసేయండి. స్ప్రింగును, ఎదురుగా ఉన్న రేకును పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. మా టార్చి అట్లనే బతికింది. ఇప్పుడు సెల్లులు లోపల వేయను, రబ్బరు బ్యాండుతో టార్చికే బయట కట్టి పెడతాను.

సమస్య: వాన సామాను కొన్న ప్రతిసారీ బడ్జెట్ దాటుతోంది.
కారణం: టీవీలో రెడ్ అలర్ట్ వచ్చాక కిరాణం షాపుకు ఉరుకుతాం. ఆ సాయంత్రం బేరాలు ఉండవు, దొరికింది తెచ్చుకుంటాం. ఇంకొందరు ఒకేసారి మూటలు కొని సజ్జ మీద పడేస్తారు. దించేసరికి పురుగు పట్టి ఉంటుంది.
పరిష్కారం: అత్యవసర సామాను అని వేరే ఏమీ వద్దు. రోజూ తినేదాన్నే ఒక వారానికి ఎక్కువ ఉంచుకోవాలి. ఈ నెల సరుకుల్లో కిలో కందిపప్పు అదనం, వచ్చే నెల నూనె ప్యాకెట్. కొత్తది వెనక్కి, పాతది ముందుకి. మా అత్తమ్మ డబ్బా మూతల మీద చాక్‌పీసుతో నెల పేరు రాస్తుంది, అంతకు మించిన యాప్ నాకు దొరకలేదు. పొయ్యి వెలిగించకుండా తినడానికి అటుకులు, పుట్నాలు, పల్లీలు, బెల్లం చాలు. మామూలు రోజుల్లో పిల్లలు ముట్టని బిస్కెట్లు వరదొచ్చినా ముట్టరు.

సమస్య: చుట్టూ నీళ్ళే, తాగడానికి లేవు.
కారణం: కరెంటు లేక మోటరు నడవదు. సంపులోకి వరద నీళ్ళు చేరితే ఉన్నవీ పనికిరావు.
పరిష్కారం: మబ్బు పట్టగానే ట్యాంకు, బిందెలు నింపండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. అనుమానం ఉంటే కళపెళా మరిగాక ఒక నిమిషం ఉంచి దించండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ల కోసం ముందు ఆశా కార్యకర్తను అడగండి. అందకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. చెంచాలు తలగొట్టి, పైన గుట్ట లేకుండా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

సమస్య: మునిగిన బండికి రిపేరు బిల్లు వేలల్లో.
కారణం: మునగడం కన్నా మనం కొట్టిన కిక్కే ఎక్కువ చెడగొడుతుంది. సిలిండర్‌లోకి నీళ్ళు చేరాక ఇంజను తిప్పితే, నీళ్ళు గాలిలా అణగవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.
పరిష్కారం: సెల్ఫ్ కూడా నొక్కొద్దు. మిట్టకు తోసుకెళ్ళి మెకానిక్‌కు చూపించండి. ఆయిల్ మార్చి ఆరబెడితే సరిపోవచ్చు. నీళ్ళు తాగిన ఫ్రిజ్జుకూ ఇదే మాట, ఆరకముందే స్విచ్ వేయకండి.

సమస్య: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, ఫోను రెండుసార్లు కూడా నిండదు.
కారణం: మోసమేమీ కాదు. ఆ అంకె లోపలి బ్యాటరీది. వోల్టేజీ మారేటప్పుడు కొంత పోయి, ఫోనుకు చేరేది ఆరు వేల చిల్లరే.
పరిష్కారం: ఇంకోటి కొనే బదులు ఫోను వెలుతురు తగ్గించి, డేటా ఆపేయండి.

సమస్య: నెట్‌వర్క్ లేదు, ఫోన్ పే పోదు.
పరిష్కారం: పోపుల డబ్బాలో యాభై రూపాయల నోట్లు పది.

సమస్య: బతుకమ్మ అయిపోయిందని అన్నీ సజ్జ ఎక్కించేశాం, మళ్ళీ మునిగింది.
కారణం: వానలు దసరాతో పోతాయన్న లెక్క. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్ళలో నిలబడ్డాయి.
పరిష్కారం: కార్తీక పౌర్ణమి దాకా టార్చి, బిందెలు చేతికందే చోటే ఉండనీయండి.