బ్రౌజర్‌తో స్విచ్ సెట్టింగులు – 4వ పాఠం: ఒకే పెట్టెలో రెండు నెట్‌వర్క్‌లు

పోయిన పాఠంలో స్విచ్‌కు కొత్త ఐపీ ఇచ్చాం, పాస్‌వర్డ్ మార్చాం. ఆ రెండూ పూర్తి చేయనివాళ్లు ముందు అవి చేసి రండి. మనం వాడుతున్న టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ స్విచ్‌కు రౌటర్ నుంచి అడ్రస్ అందకపోతే 192.168.0.1 తీసుకుని కూర్చుంటుంది. చాలా రౌటర్ల అడ్రస్ కూడా అదే. రెండూ ఒకే అడ్రస్‌తో ఉంటే బ్రౌజర్‌లో ఒకసారి రౌటర్ పేజీ, ఇంకోసారి స్విచ్ పేజీ వచ్చి తికమక పెడతాయి. అందుకే మన స్విచ్‌ను 192.168.0.250కి మార్చుకున్నాం. ఈ పాఠమంతా ఆ అడ్రస్‌తోనే నడుస్తుంది.

ఇవాళ్టి పని వీల్యాన్, అంటే ఒకే స్విచ్‌ను లోపల వేరువేరు నెట్‌వర్క్‌లుగా విడదీయడం. ఒక చిన్న ఆఫీసు ఉందనుకోండి. 1వ పోర్టులో రౌటర్, 2, 3, 4 పోర్టుల్లో కంప్యూటర్లు, 5లో సీసీ కెమెరా, 6 ఇంకో కెమెరా కోసం ఖాళీగా ఉంచాం. 7లో కెమెరాల రికార్డర్, అంటే ఎన్‌వీఆర్. 8లో మన ల్యాప్‌టాప్. వాకిట్లో గోడకున్న కెమెరా వైరు ఊడదీసి ఎవరైనా తమ ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంటే నేరుగా ఆఫీసు కంప్యూటర్ల మధ్యలోకి వచ్చేస్తారు. అది జరగకూడదు. ఇంకో స్విచ్ కొనకుండానే 5, 6, 7 పోర్టులను వేరే నెట్‌వర్క్‌గా విడదీయాలి.

మెనూలోకి వెళ్లే ముందు ఒక విషయం మనసులో స్థిరపడాలి. అది స్థిరపడకుండా బటన్లు నొక్కితే ప్రతి స్విచ్ దగ్గరా మళ్లీ మొదటినుంచి తడుముకోవాల్సి వస్తుంది.

లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుర్తు చేసుకోండి. మీరు మూట తెచ్చి కౌంటర్‌లో ఇస్తారు. దాని మీద ఊరి పేరు మీరు రాయరు. ఏ కౌంటర్‌లో ఇచ్చారో చూసి గుమాస్తా రాస్తాడు. గుంటూరు కౌంటర్‌లో ఇస్తే గుంటూరు, వరంగల్ కౌంటర్‌లో ఇస్తే వరంగల్. లోపల గోడౌన్‌లో మూటలన్నీ ఆ రాతను బట్టే వేరువేరుగా కదులుతాయి. చివర్లో మనిషి చేతికిచ్చేటప్పుడు ఆ చీటీ చించి ఇస్తారు. ఇంకో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు అప్పగిస్తున్నట్లయితే చీటీతో సహా ఇస్తారు, లేకపోతే అవతలివాళ్లకు అది ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

స్విచ్ లోపల జరిగేదీ ఇదే. కెమెరాకు వీల్యాన్ అంటే ఏమిటో తెలియదు, అది మామూలు ఫ్రేమ్, అంటే డేటా మూట, పంపుతుంది. ఆ ఫ్రేమ్ ఏ పోర్టులోంచి లోపలికి వచ్చిందో చూసి స్విచ్ దాన్ని ఒక వీల్యాన్‌కు చేరుస్తుంది. ఏ పోర్టుకు ఏ నంబరు అని చెప్పేదే పీవీఐడీ. అంటే పీవీఐడీ లోపలికి వచ్చే దారికి సంబంధించింది. అన్‌ట్యాగ్డ్, ట్యాగ్డ్ అనేవి బయటికి వెళ్లే దారికి సంబంధించినవి: చీటీ చించి పంపాలా, ఉంచి పంపాలా అన్నది అవి చెబుతాయి. ఆ చీటీ ఫ్రేమ్‌లో 4 బైట్లు ఉంటుంది. అందులో నంబరుకు కేటాయించింది 12 బిట్లు. 0, 4095 పక్కన పెడితే 1 నుంచి 4094 వరకు మనం వాడుకోవచ్చు. 802.1క్యూ అనే ప్రమాణం చెప్పేది ఇదే. అయితే మన చిన్న స్విచ్ ఒకేసారి 32 వీల్యాన్‌లకు మించి పట్టదు. మనకు కావాల్సింది రెండే.

ఇప్పుడు బ్రౌజర్‌లో స్విచ్ పేజీ తెరవండి. ఎడమవైపు మెనూలో వీల్యాన్ కింద 802.1క్యూ వీల్యాన్ నొక్కి, ఎనేబుల్ పెట్టి, అప్లై నొక్కండి. అదే మెనూలో ఎంటీయూ వీల్యాన్, పోర్ట్ బేస్డ్ వీల్యాన్ కూడా కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లొద్దు. మొదట్లో అన్ని పోర్టులూ వీల్యాన్ 1లోనే ఉంటాయి.

పని మూడు అడుగుల్లో జరుగుతుంది, ఈ వరసలోనే. ముందు 20 నంబరుతో కెమెరా అనే పేరు పెట్టి కొత్త వీల్యాన్ సృష్టించి, 5, 6, 7 పోర్టులను అన్‌ట్యాగ్డ్‌గా చేర్చండి. తర్వాత పీవీఐడీ పేజీకి వెళ్లి ఆ మూడు పోర్టులకు 20 ఇవ్వండి. ఆఖరున వీల్యాన్ 1కి తిరిగి వచ్చి ఆ మూడింటినీ నాట్ మెంబర్‌గా మార్చండి. ప్రతి అడుగు తర్వాత అప్లై నొక్కాలి.

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటి అడుగు మాత్రం వేసి ఆపేశారనుకోండి. కెమెరా బొమ్మ రికార్డర్‌లో చక్కగా వస్తూనే ఉంటుంది. వీల్యాన్ పనిచేస్తోందని సంతోషపడతాం. నిజానికి పీవీఐడీ ఇంకా 1 కాబట్టి అంతా పాత దారిలోనే నడుస్తోంది, ఏదీ విడిపోలేదు.

రెండు అడుగులు వేసి మూడోది మరిచిపోతే ఇంకా కనిపెట్టడం కష్టం. ఆఫీసు కంప్యూటర్ నుంచి కెమెరాకు పింగ్, అంటే పలుకుతుందా అని పంపే చిన్న పలకరింపు, వెళ్లదు. కాబట్టి విడిపోయిందనే అనుకుంటాం. కానీ 5వ పోర్టు ఇంకా వీల్యాన్ 1లో సభ్యురాలే. ఆఫీసు కంప్యూటర్లు అందరికీ వినిపించేలా వేసే కేకలు, అంటే బ్రాడ్‌కాస్ట్‌లు, కెమెరా వైరు దాకా చేరుతూనే ఉంటాయి. జవాబు మాత్రం వీల్యాన్ 20లోకి పోయి వెనక్కి రాదు, అందుకే పింగ్ ఆగింది. తలుపు ఒకవైపే మూసుకుందన్నమాట. 6వ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి వైర్‌షార్క్ (వైరులో వచ్చే ఫ్రేమ్‌లను చూపించే ప్రోగ్రామ్) తెరిస్తే ఆఫీసు కంప్యూటర్ల ఏఆర్‌పీ ప్రశ్నలు, అంటే ఫలానా ఐపీ ఎవరిది అని అడిగే కేకలు, వరసగా కనిపిస్తాయి. ఒక్కసారి కావాలనే మూడో అడుగు వదిలేసి ఇది మీ కళ్లతో చూడండి. ఆ తర్వాత జీవితంలో మరిచిపోరు.

ఇక పరీక్ష. చాలామంది కెమెరాలకు 192.168.20 వరస ఐపీలు ఇచ్చి, ఆఫీసు నుంచి పింగ్ పోవడం లేదు కాబట్టి విడదీశామని తేల్చేస్తారు. అది రుజువు కాదు. ఐపీ వరసలు వేరైతే వీల్యాన్ లేకపోయినా పింగ్ వెళ్లకపోవచ్చు. పరీక్ష చేసేంతసేపు కెమెరా, రికార్డర్, ల్యాప్‌టాప్ మూడింటినీ 192.168.0 వరసలోనే ఉంచండి. 8వ పోర్టు నుంచి పింగ్ చేస్తే కెమెరా పలకకూడదు. అదే ల్యాప్‌టాప్‌ను 6వ పోర్టుకు మార్చితే పలకాలి. రెండూ జరిగి, 6వ పోర్టులో వైర్‌షార్క్‌కు ఆఫీసు కంప్యూటర్ల ఏఆర్‌పీ ప్రశ్నలు కనిపించకపోతేనే మన పని అయినట్టు. ఐపీల వరస మార్చడం ఆ తర్వాత చేసుకోవచ్చు.

యజమాని ఫోన్‌లో కెమెరాలు చూడాలంటారు, తప్పకుండా అడుగుతారు. మన స్విచ్ ఒక వీల్యాన్ నుంచి ఇంకో వీల్యాన్‌కు దారి చూపదు, అది రౌటర్ పని. వీల్యాన్ తెలిసిన రౌటర్ అయితే 1వ పోర్టును వీల్యాన్ 20లో ట్యాగ్డ్‌గా చేర్చి, రౌటర్‌లోనూ 20 తెరవాలి. మామూలు ఇంటి రౌటర్‌కు ఆ చీటీ చదవడం రాదు. దాని గురించి విడిగా ఒక పాఠం పెట్టుకుందాం.

ఇంతసేపూ 8వ పోర్టును మనం ముట్టుకోలేదు, గమనించారా? అది మనం కూర్చున్న కొమ్మ. కమాండ్ లైన్‌లో పనిచేసేవాళ్లకు కన్సోల్ కేబుల్ అనే ఇంకో దారి ఉంటుంది. ఇలాంటి చిన్న స్విచ్‌కు ఆ దారి లేదు, నెట్‌వర్క్ మీదుగానే చేరుకోవాలి. నేను కొత్తల్లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోర్టులన్నీ ఒకేసారి టిక్ చేసి పీవీఐడీ మార్చాను, నా ల్యాప్‌టాప్ పోర్టుతో సహా. పేజీ తిరుగుతూ ఆగిపోయింది. స్విచ్ ఏమో సీలింగ్ పైన రాక్‌లో ఉంది. తెల్లవారితే పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష. నిచ్చెన తెప్పించి, పిన్నుతో రీసెట్ నొక్కి, అంతా మొదటినుంచి మళ్లీ చేసేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మీకెవరికీ వద్దు.

నిజానికి ఆ రోజు రీసెట్ అవసరమే ఉండేది కాదు, స్విచ్ ప్లగ్ తీసి పెడితే సరిపోయేది. అప్లై నొక్కితే మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది కానీ శాశ్వతం కాదు. మెనూలో సేవ్ కాన్ఫిగ్ నొక్కినప్పుడే కరెంటు పోయినా నిలుస్తుంది. అంటే సేవ్ చేయనంతవరకు మన చేతిలో ఒక తాడు ఉన్నట్టే. ఏదైనా బెడిసికొడితే స్విచ్ ప్లగ్ తీసి పెడితే చాలు, పాత సెట్టింగులతో లేస్తుంది. కాబట్టి పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గాకే సేవ్ నొక్కండి. అయితే కొన్ని స్విచ్‌లలో అప్లై నొక్కగానే సేవ్ కూడా అయిపోతుంది. కొత్త మోడల్ చేతికి వస్తే ముందు ఏదో ఒక పోర్టు పీవీఐడీ మార్చి, ప్లగ్ తీసి పెట్టి, అది నిలిచిందో లేదో చూసుకోండి.

సేవ్ అయ్యాక బ్యాకప్ అండ్ రిస్టోర్ పేజీలోంచి సెట్టింగుల ఫైలును దించుకుని, తేదీ పేరులో వచ్చేలా దాచండి. స్విచ్ పైన చిన్న కాగితం అంటించి ఏ పోర్టు దేనికో రాయండి. మీ తర్వాత వచ్చే మనిషికి పాస్‌వర్డ్ తెలిసినా ఆ కాగితం లేకపోతే గంటలు పడుతుంది.

వచ్చే పాఠానికి ఇంటిపని: ల్యాప్‌టాప్‌ను 6వ పోర్టులో ఉంచే బ్రౌజర్‌లో 192.168.0.250 కొట్టండి. స్విచ్ లాగిన్ పేజీ వచ్చిందా, రాలేదా? రాసి ఉంచండి. వస్తే, కెమెరా వైరు పట్టుకున్న మనిషికీ మన సెట్టింగులకూ మధ్య పాస్‌వర్డ్ ఒక్కటే అడ్డుగా ఉన్నట్టు. 5వ పాఠం అక్కడ మొదలవుతుంది.