పీక్ డిస్ట్రిక్ట్ మూర్లలో సైకిల్ మొరాయిస్తే

షెఫీల్డ్, మాంచెస్టర్ వైపు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు చాలామంది మొదటి ఎండాకాలంలోనే ఒక సెకండ్ హ్యాండ్ మౌంటెన్ సైకిల్ కొనేస్తారు. ఊరి చివర ఇళ్లు అయిపోగానే కొండలు మొదలవుతుంటే మనసు ఆగదు మరి. 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్ట్ బ్రిటన్‌లోని మొట్టమొదటి నేషనల్ పార్కు. దాని ఉత్తర భాగమే డార్క్ పీక్. పైన చెట్టు నీడ లేని మూర్లు, అంటే హెదర్ పొదలు, వాటి కింద నల్లటి పీట్ నేల, మధ్యమధ్య గరుకైన ఇసుకరాతి బండలు. పక్కనే లోయల్లోకి దిగితే ఓక్, బిర్చ్ అడవులు.

నాలుగు రైడ్లు తిరిగేసరికి బ్రేకులు కీచుమంటాయి, టైరు తుస్సుమంటుంది, గేర్లు గెంతుతాయి. అమ్మినవాడు మోసం చేశాడని తిట్టుకోవడం మామూలే. కానీ ఇక్కడ వచ్చే తిప్పలు చాలావరకు సైకిల్ వల్ల వచ్చేవి కావు, నేల వల్ల వచ్చేవి. ఏ రాయి మీద, ఏ మట్టిలో తొక్కారో చూసుకుంటే కారణం సగం తెలిసిపోతుంది.

కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పే దారి ఒకటుంది. షెఫీల్డ్ నుంచి రింగింగ్‌లో వరకు రోడ్డు, అక్కణ్నుంచి మూర్ మీదుగా హౌండ్‌కిర్క్ రోడ్డు పట్టుకుని ఫాక్స్ హౌస్ దాకా, తిరుగు ప్రయాణం బ్లాకా మూర్ అడవిలోంచి డోర్ వైపు దిగడం. మూర్, అడవి రెండూ ఒక్క పూటలో వస్తాయి. కింద చెప్పిన సమస్యలు కూడా దాదాపు అన్నీ ఈ ఒక్క దారిలోనే ఎదురవుతాయి.

కొత్త బ్రేక్ ప్యాడ్లు ఇట్టే అరిగిపోతున్నాయి

వాన రోజు ఒక్క రైడ్‌కే బ్రేక్ లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోందా? ముందు చక్రం తీసి ప్యాడ్లు చూడండి. ఇక్కడి ఇసుకరాయి పొడి అయితే గాజుకాగితం మీది రేణువుల్లాగే ఉంటుంది. తడిసినప్పుడు అది బూడిద రంగు ముద్దలా మారి డిస్క్‌కీ ప్యాడ్‌కీ మధ్య చేరుతుంది. మీరు బ్రేకు నొక్కిన ప్రతిసారీ సాన పెట్టినట్టే. ఎక్కువ సైకిళ్లకు కంపెనీ నుంచి వచ్చేవి రెజిన్ ప్యాడ్లు. చప్పుడు లేకుండా మెత్తగా పట్టుకుంటాయి గానీ ఈ ముద్దకు తట్టుకోలేవు.

చలికాలానికి సింటర్డ్ ప్యాడ్లు, అంటే లోహపు పొడి కలిపినవి వేయించుకోండి. కాస్త గోల చేస్తాయి గానీ ఎక్కువ రోజులు వస్తాయి. కొనేముందు మీ డిస్క్ మీద చెక్కిన అక్షరాలు మాత్రం చదవండి. చవక డిస్కుల మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటుంది. వాటికి లోహపు ప్యాడ్లు వేస్తే ఈసారి డిస్కే అరిగిపోతుంది. ప్యాడ్ మీది పొర మిల్లీమీటరు కంటే తగ్గితే మార్చేయాలి, ఇంకో రైడ్ వస్తుందిలే అనుకోవద్దు. స్పేర్ సెట్ ఒకటి బ్యాగులో పడేసుకుంటే బరువేమీ కాదు.

కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే కొండ దిగకండి. చదును రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్తూ, పూర్తిగా ఆగకుండా నడక వేగానికి తగ్గించండి. ఇలా ఇరవై ముప్ఫై సార్లు చేస్తే ప్యాడ్ డిస్క్‌కు కుదురుకుంటుంది.

ప్యాడ్లు మందంగానే ఉన్నా కీచుమంటూ పట్టు లేకపోతే అది నూనె పని. చైన్‌కు స్ప్రే కొడుతుంటే తుంపర డిస్క్ మీద పడుతుంది. డిస్క్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నూనె పీల్చుకున్న ప్యాడ్లను కాల్చి బాగుచేసే చిట్కాలు వింటుంటాం, నాకు మాత్రం వాటి మీద నమ్మకం లేదు. పారేసి కొత్తవి వేసుకోవడమే మేలు. ఇక ప్యాడ్లు బాగున్నా లివర్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే బ్రేకు ద్రవం ఉండే గొట్టంలో గాలి చేరినట్టు. అది షాపు పని.

టైరు తుస్సుమంది

ట్యూబ్ బయటికి తీసి రంధ్రం చూడండి. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు ఉంటే ట్యూబ్ రిమ్‌కీ రాయికీ మధ్య నలిగిందన్నమాట. మూర్ల మీది దారుల్లో వాననీరు పక్కకు పోవడానికి దారికి అడ్డంగా రాళ్లు నిలబెడతారు. దిగుతున్న వేగంలో వాటి అంచు తగిలితే చాలు. గాలి తక్కువగా ఉండటమే అసలు కారణం. 2.3 అంగుళాల టైరులో ట్యూబ్ ఉంటే ముందు 28, వెనక 30 నుంచి 32 పీఎస్‌ఐతో మొదలుపెట్టి మీ బరువును బట్టి సర్దుకోండి. ట్యూబ్‌లెస్ అయితే 22 నుంచి 25 చాలు. రాళ్ల వరస కనిపించగానే సీటు మీంచి లేచి, మోచేతులు వదులు చేసి, ముందు చక్రం మీది బరువు తగ్గించండి. బిగుసుకుని కూర్చున్నవాళ్లకే ఎక్కువ పంక్చర్లు.

ఒకే ఒక్క సన్నటి రంధ్రమా? అయితే ముల్లు. పొలాల పక్క హాతార్న్ కంచెలు పక్షుల కోసం మార్చి నుంచి ఆగస్టు దాకా ముట్టుకోరు. ఆ తర్వాత యంత్రాలతో నరుకుతారు. ఆ ముళ్లన్నీ శరదృతువులో సందు రోడ్ల మీద చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ట్యూబ్ మార్చే హడావిడిలో ముల్లును టైరులోనే వదిలేస్తే పది నిమిషాల్లో మళ్లీ మొదటికే వస్తారు. ట్యూబ్‌ను టైరు పక్కన వాల్వ్ కలిసేలా పెట్టి చూస్తే రంధ్రం ఎక్కడుందో, ముల్లూ అక్కడే ఉంటుంది. లోపలివైపు వేలితో మెల్లగా తడమండి. నల్లగా, మొన మాత్రమే పైకొచ్చి ఉంటుంది. గోటికి దొరక్కపోతే బయటి నుంచి మల్టీటూల్‌తో తోసేయండి.

టైరు పక్క భాగం చీలితే చిప్స్ ప్యాకెట్ నాలుగు మడతలు పెట్టి లోపల ఉంచి, ట్యూబ్ వేసి, గాలి తక్కువగా కొట్టుకుని ఇంటికి రండి. ట్యూబ్‌లెస్ వాడేవాళ్లు లోపలి సీలెంట్, అంటే రంధ్రాలు పూడ్చే ద్రవం, మూడు నాలుగు నెలలకోసారి చూసుకోవాలి, ఎండిపోతుంది.

ముందు చక్రం నల్లటి బురదలో కూరుకుపోయింది

ఇది పీట్. వేల ఏళ్లుగా నాచు కుళ్లీ కుళ్లక పేరుకున్న నేల. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందంటారు. స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుకుంటుంది కాబట్టి వాన వెలిసి రెండు రోజులైనా ఆరదు. పైకి చదునుగా, గట్టిగా కనిపించే చోటే చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది, మీరు హ్యాండిల్ మీంచి ఎగిరి పడతారు.

బురద కనిపించగానే పక్కన హెదర్ మీదుగా చుట్టి వెళ్లాలనిపిస్తుంది. అలా ఒకరి తర్వాత ఒకరు వెళ్లబట్టే అడుగున్నర దారి రోడ్డంత వెడల్పు అవుతుంది. ఇక్కడి పీట్‌ను బాగుచేయడానికి మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ 2003 నుంచి పనిచేస్తోంది. వాళ్లు నాటిన నాచును మన టైర్లతో తొక్కేయడం న్యాయం కాదు. దిగి, సైకిల్ భుజాన వేసుకుని దారి మధ్యలోంచే నడవండి. షూ తడుస్తాయి, తడవనివ్వండి.

అసలు మందు దారి ఎంపికలో ఉంది. లాంగ్‌సెట్ నుంచి స్లిప్పరీ స్టోన్స్ దాకా వెళ్లే కట్ గేట్ దారి ఈ ప్రాంతంలో ఎంతో పేరున్నది, కానీ దాన్ని వరసగా పొడిగా ఉన్న రోజులకో నేల గడ్డకట్టిన రోజుకో అట్టేపెట్టుకోండి. వానలు పడుతున్న వారంలో హౌండ్‌కిర్క్ రోడ్డే నయం. ఒకప్పుడు గుర్రపు బండ్లు తిరిగిన టోల్ రోడ్డు కాబట్టి అడుగున రాయి ఉంది. పక్కనే లేడీ క్యానింగ్స్ ప్లాంటేషన్‌లో సైకిళ్ల కోసమే వేసిన ట్రాక్‌లున్నాయి, వానలోనూ తొక్కవచ్చు.

గేర్లు వాటంతట అవే గెంతుతున్నాయి

స్క్రూలు తిప్పడం మొదలుపెట్టకండి. ముందుగా, వెనక చక్రం దగ్గర చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే డిరైలర్‌లోని చిన్న పళ్ల చక్రాల్లోకి తొంగిచూడండి. హెదర్ పుల్ల ఒకటి, తీగలా గట్టిగా, ఇరుసుకు చుట్టుకుని ఉంటుంది. లాగి పారేయండి, తొంభై శాతం పని అయిపోతుంది. పీట్ బురద పట్టి ఉంటే సీసాలో నీళ్లు కాసిని పోయండి.

అప్పటికీ గెంతుతుంటే సైకిల్ వెనక నిలబడి చూడండి. డిరైలర్ లోపలికి, ఊచల వైపు వాలి ఉంటే దాన్ని పట్టుకుని ఉండే హ్యాంగర్ రాయి తగిలి వంగినట్టు. ఇంటికి చేరేదాకా అన్నిటికన్నా తేలికైన గేరు మాత్రం వాడొద్దు, డిరైలర్ చక్రం ఊచల్లో ఇరుక్కుంటుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, షాపులో అప్పటికప్పుడు దొరకదు. మీ మోడల్‌ది ఒకటి ముందే కొనిపెట్టుకోండి. చైన్ తెగితే అతికించే క్విక్ లింక్ కూడా మీ చైన్ స్పీడుకు సరిపోయేదే కావాలి.

మూర్ మీద బాగానే ఉంది, అడవిలోకి దిగగానే జారుతోంది

చెట్ల వేళ్లు. చెట్ల కింద తడి ఆరదు, పైతొక్క ఊడిన వేరు సబ్బులా ఉంటుంది. దాని మీద బ్రేకు వేసినా, హ్యాండిల్ తిప్పినా పడ్డట్టే. వేగం ముందే తగ్గించుకుని, వేరుకు అడ్డంగా, తిన్నగా, బ్రేకులు వదిలేసి దాటాలి. పెడల్స్ రెండూ నేలకు సమాంతరంగా ఉంచండి. బ్లాకా మూర్ దిగువలో ఇది బాగా అలవాటవుతుంది. ఉత్తరాన వార్న్‌క్లిఫ్, గ్రీనో అడవులు ఇంతకంటే గడ్డువి. ఆ అడవులకు తొందరపడి వెళ్లకండి.

"ఇక్కడ సైకిల్ తొక్కకూడదు!" అని ఎవరో కసిరారు

చాలావరకు వాళ్ల మాటే నిజం. ఇంగ్లండ్‌లో దారి కనిపించినంత మాత్రాన తొక్కే హక్కు రాదు. పసుపు బాణం ఉన్నది ఫుట్‌పాత్, నడిచేవాళ్లకే. నీలం బాణం బ్రిడిల్‌వే, గుర్రాలతో పాటు 1968 చట్టం వల్ల సైకిళ్లూ వెళ్లవచ్చు, కాకపోతే నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలి. ఊదా, ఎరుపు బాణాలున్నవి బైవేలు, వాటి మీదా ఫర్వాలేదు. మూర్లన్నీ అందరికీ తెరిచే ఉన్నాయి కదా అంటారు కొందరు. 2000 నాటి చట్టం ఇచ్చిన ఆ స్వేచ్ఛ కాలినడకకే. స్కాట్లండ్ వెళ్లొచ్చిన మిత్రుల మాట ఇక్కడ పనికిరాదు, అక్కడ 2003 చట్టం వేరు.

ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, బ్రిటన్ మ్యాపుల సంస్థ) ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో ఓఎల్1 డార్క్ పీక్‌ది, ఓఎల్24 దక్షిణాన వైట్ పీక్‌ది. ఆకుపచ్చ పొట్టి గీతల వరస ఫుట్‌పాత్, పొడుగు గీతలది బ్రిడిల్‌వే. ఫోన్ యాప్ గీసిన రూటును గుడ్డిగా నమ్మకుండా ఒకసారి దీంతో సరిచూసుకోండి. మీరు గుర్రానికి వెనక వైపు నుంచి దగ్గరికి వెళ్తుంటే గంట కొట్టకండి, దూరం నుంచే "హలో" అనండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు.

పొగమంచు కమ్మింది, దారి తెలియడం లేదు

ఆగండి. చలికి ఫోన్ బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో పెట్టుకోండి. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అడ్డదారిన లోయలోకి దిగితే బండల అంచులుంటాయి. డిసెంబరులో ఇక్కడ నాలుగు గంటలు కొట్టకముందే పొద్దు గుంకుతుంది, లైటు లేకుండా మధ్యాహ్నం బయల్దేరకండి.

దెబ్బ తగిలి కదల్లేకపోతే 999కు ఫోన్ చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగండి. వాళ్లు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల ఊదండి.

కాళ్లలో సత్తువ పోయింది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి

తినలేదు, తడి బట్టలతో గాలిలో కూర్చున్నారు, అంతే. పల్లీ పట్టీలు జేబులో ఉంచుకుని ఆకలి వేయకముందే తినండి. కొండెక్కేటప్పుడు జాకెట్ విప్పి, పైకి చేరగానే చెమట ఆరకముందే వేసుకోండి.

స్నానం చేస్తుంటే మోకాలి వెనక నల్ల చుక్క కనిపించింది

పిడుదు. బ్లాకా మూర్, బిగ్ మూర్ వైపు ఎర్ర జింకలు తిరుగుతాయి, ఫెర్న్ మొక్కల్లో పిడుదులు కాచుకుని ఉంటాయి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా నిలువుగా పైకి లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. కుట్టిన తేదీ ఫోన్‌లో రాసుకోండి. తర్వాతి నెల రోజుల్లో అక్కడ గుండ్రటి ఎర్ర దద్దు పెరుగుతూ వచ్చినా, జ్వరంలా ఒళ్లు నొప్పులొచ్చినా వెంటనే జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుకు చూపించి పిడుదు కుట్టిందని చెప్పండి. లైమ్ వ్యాధి అయితే తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.