డ్రెయిన్ బోల్టు దగ్గర ఆయిల్ కారడం ఎలా ఆపానంటే – నా అనుభవం

ఆయిల్ మార్పించిన మూడో రోజు పొద్దున బండి తీస్తుంటే గచ్చు మీద రూపాయి బిళ్లంత జిడ్డు మరక కనబడింది. ఇంజన్ అడుగున చూస్తే డ్రెయిన్ బోల్టుకి, అంటే పాత ఆయిల్ దించే రంధ్రాన్ని మూసే బోల్టుకి, ఒక చుక్క వేలాడుతోంది. చాలా టెన్షన్ పడ్డాను.

వెంటనే పానా పెట్టి ఇంకాస్త బిగించబోయాను. ఆ పని ఎవరూ చేయకండి. బోల్టు ఉక్కు, ఇంజన్ కేసు అల్యూమినియం. బలం ఎక్కువైతే కేసులోని మరలే చెడిపోతాయి, అప్పుడు ఖర్చు చాలా పెరుగుతుంది. పావు చుట్టు కూడా తిరగకముందే ఆపేశాను.

ఆదివారం ఇంజన్ కొద్దిగా వేడెక్కనిచ్చి, శుభ్రమైన పళ్లెంలోకి ఆయిల్ దించి బోల్టు విప్పాను. అసలు సంగతి బోల్టు తలకీ కేసుకీ మధ్య ఉండే వాషర్‌లో ఉంది. ఒక పక్క అణిగిపోయి, మీద గోటికి తగిలే గీత! ఆ వాషర్ పనే నలిగి సందు పూడ్చడం. ఒకసారి నలిగింది మళ్లీ సరిగ్గా కూర్చోదు. సర్వీసులో పాతదే వేసేశారు.

అదే సైజు కొత్త వాషర్ తెచ్చాను. కేసు అంచుని మెత్తటి గుడ్డతో తుడిచి, బోల్టుని ముందు చేత్తోనే చివరిదాకా తిప్పాను. మర అడ్డంగా ఎక్కితే చేతికే తెలిసిపోతుంది. ఆ తర్వాత టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే పానా) మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను, నా బండికి 24 న్యూటన్ మీటర్లు.

ఆయిల్ పోసి, లెవెల్ చూసి, రాత్రంతా కింద తెల్ల కాగితం పరిచాను. పొద్దున్నకి కాగితం మీద ఒక్క చుక్క లేదు.