ఇనుప కెటిల్ పాఠాలు – 4: లోపలి పొరను కాపాడుకోవడం

పోయిన పాఠంలో అచ్చు లోపలి మట్టి మీద చుక్కలు ఒక్కొక్కటిగా ఎలా అద్దుతారో చూశాం. ఇప్పుడు అచ్చు పగలగొట్టి కెటిల్ బయటికి తీశాక జరిగే పని చూద్దాం. మన చేతిలో పాడయ్యేది ఎక్కువగా ఈ దశలో చేసిన పనే.

జపాన్‌లోని మోరియోకాలో ఈ విద్య తరతరాలుగా ఇళ్లలోనే నిలిచింది. సుజుకి మొరిహిసా వంశం 1625 నుంచీ ఇదే పనిలో ఉంది. టీ వేడుకకు వాడే పెద్ద కాగును చిన్నది చేసి, కొమ్మూ పిడీ పెట్టి తెత్సుబిన్‌గా, అంటే మన ఈ ఇనుప కెటిల్‌గా, మార్చింది కొయిజుమి వంశంలో మూడో తరం ఆయన అంటారు.

పోత పోసిన కెటిల్‌ను బొగ్గు నిప్పుల్లో 800 నుంచి 1000 డిగ్రీల దాకా కాలుస్తారు. ఈ పని పేరు కనకెదొమె. ఇనుము పైభాగమే మారి నీలం కలిసిన నల్లటి పొర అవుతుంది. బయట ఉరుషి అనే చెట్టు పాల పూత పూస్తారు కానీ లోపల ఏమీ పూయరు. తుప్పు రాకుండా ఆపేది ఆ పలచటి పొర ఒక్కటే. స్క్రబ్బర్ పెట్టి తోమితే ముందు పోయేది అదే. దయచేసి లోపల చెయ్యి కూడా పెట్టకండి.

రోజువారీ పద్ధతి సులువే. ముప్పాతిక వంతు నీళ్లు పోసి సన్నటి మంట మీద కాచండి. కాగిన నీళ్లన్నీ వేడిగా ఉండగానే ఫ్లాస్కులోకి వంపేసి, మూత తీసి ఉంచండి. లోపలి తడి ఆ వేడికే ఆరిపోతుంది. కాలుతున్న కెటిల్‌లో చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. సబ్బు, నూనె వద్దు. బోరు నీళ్లు కాస్తే పడే పలచటి తెల్లపొరను గీకొద్దు, అదీ రక్షణే.

కొన్నాళ్లకు ఎర్రటి మచ్చలు కనిపిస్తే టెన్షన్ పడకండి. నీళ్లు తేటగా ఉన్నంతవరకు ఏమీ చెయ్యక్కర్లేదు. నీళ్లే ఎర్రబడితే గ్రీన్ టీ ఆకును గుడ్డలో మూటకట్టి నీళ్లలో వేసి, సన్నటి మంట మీద అరగంట మరిగించి, చల్లారేదాకా వదిలేయండి. నీళ్లు సిరాలా నల్లబడతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుప కసిమి (తుప్పు ఇనుము ఊరబెట్టిన ద్రవం) నల్లగా తేలేది కూడా ఇలాగే: ఆకులోనో కాయలోనో ఉన్న వగరు ఇనుముతో కలిసి నలుపవుతుంది. నీళ్లు తేటపడేదాకా మళ్లీ చేయండి.

అభ్యాసం: మీ కెటిల్ లోపల టార్చి వేసి చూడండి. గాజులా మెరిసే ఎనామిల్ ఉంటే అది టీ కలుపుకునే పాత్ర, పొయ్యి మీద పెట్టకూడదు. గరుకుగా, నల్లగా ఉంటే ఈ పాఠం దానికే. వచ్చే పాఠంలో పిడి సంగతి.