దవడ టక్కుమంటోందా? పళ్లు అరగదీయించుకునే ముందు ఇది చదవండి

రెండేళ్ల కిందట ఓ సాయంత్రం మిరపకాయ బజ్జీ కొరకబోతే నా నోరు సగం తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. అప్పటికే ఏడాదిగా కుడి చెవి ముందు టక్ టక్ మని చప్పుడు వస్తూ ఉంది, నేనే పట్టించుకోలేదు. వెళ్లిన మొదటి క్లినిక్‌లో "మీ పళ్ల కాటు, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు, సరిగ్గా లేదు, వెనక నాలుగు పళ్లు అరగదీసి క్యాపులు వేస్తే సర్దుకుంటుంది" అన్నారు. ఖర్చు విని భయపడి బయటికొచ్చేశాను. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ భయమే నా పళ్లను కాపాడింది. ఆ తర్వాత చదివి, వేరే డాక్టరు దగ్గర నేర్చుకుని, చేసి చూసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీది దవడ కీలు సమస్యేనా అని చూసుకోండి. చెవి రంధ్రానికి సరిగ్గా ముందు రెండు వైపులా చూపుడు వేళ్లు ఆనించి నోరు మెల్లగా తెరిచి మూయండి. వేళ్ల కింద గుండ్రటి ఎముక ఒకటి ముందుకు జారి వెనక్కి వస్తుంది చూడండి, అదే కీలు. తలుపు బందులాగా ఊరికే తిరిగి ఊరుకునేది కాదిది. మొదట తిరుగుతుంది, ఆపైన ముందుకు జారుతుంది, రెండు ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ల కూడా దానితో పాటే కదులుతుంది. ఆ బిళ్ల కాస్త ముందుకు తప్పుకుని, నోరు తెరిచినప్పుడు మళ్లీ చోటికి చేరేటప్పుడు వచ్చేదే చాలామందికి వినిపించే ఆ టక్. నొప్పి లేదు, నోరు బాగానే తెరుచుకుంటోంది, ఒట్టి చప్పుడే ఉంది అంటే వైద్యం అక్కర్లేదు. నిజంగానే అక్కర్లేదు, టెన్షన్ పడకండి.

ఇక నోరు ఎంత తెరుచుకుంటోందో చూడండి. మీ చేతి మూడు వేళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టుకోండి. పెద్దవాళ్లలో మామూలుగా 40 మిల్లీమీటర్లకు పైనే తెరుచుకోవాలి, మూడు వేళ్లు ఇంచుమించు దానికి సరిపోతాయి. తర్వాత పళ్లు గట్టిగా బిగించి, బుగ్గ మీద ఉబ్బే కండరాన్నీ కణత దగ్గర కదిలే కండరాన్నీ గుర్తుపట్టి, పళ్లు వదిలేసి అక్కడ నొక్కండి. నొక్కితే ఎవరికైనా కొంచెం నొప్పి ఉంటుంది, అది లెక్కలోకి రాదు. రోజూ మిమ్మల్ని ఏడిపిస్తున్న నొప్పే అచ్చంగా వచ్చిందా అన్నదే ప్రశ్న. 2014లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ పద్ధతిలో కూడా డాక్టర్లు చేసేది దాదాపు ఇదే, సుమారు కిలో బరువంత ఒత్తిడితో నొక్కి "ఇది మీకు తెలిసిన నొప్పేనా" అని అడుగుతారు.

ఇప్పుడు ఆ కాటు గొడవ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కోస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు, వెనక పళ్లు పోయి దవడ లోపలికి కుంగడం వల్లే చెవిపోటు, తలనొప్పి వస్తున్నాయని రాశాడు. అది పట్టుకుని దశాబ్దాల పాటు పళ్లు అరగదీయడం, క్యాపులు వేయడం, కాటు మార్చడం సాగింది. 1980ల్లో ఇంకో అడుగు ముందుకేసి, బిళ్ల తీసేసి టెఫ్లాన్ కలిసిన కృత్రిమ బిళ్లలు పెట్టారు. నమిలే ఒత్తిడికి అవి పొడిగా రాలి, ఆ పొడికి శరీరం ఎదురు తిరిగి, చుట్టూ ఉన్న ఎముకే తినుకుపోయింది. చివరికి అమెరికా ప్రభుత్వ సంస్థ వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించింది.

ఆ తర్వాత పరిశోధన దారి మారింది. ఒపెరా అనే పెద్ద అధ్యయనం 2006లో అమెరికాలో మొదలైంది. దవడ నొప్పి లేని మూడు వేలమందికి పైగా జనాన్ని తీసుకుని, వాళ్లలో ఎవరికి కొత్తగా నొప్పి పుడుతుందో ఏళ్ల తరబడి గమనించారు. నిద్ర చెడిపోతున్నవాళ్లు, ఒంట్లో ఇంకెక్కడో కూడా నొప్పులున్నవాళ్లు, మొత్తంగా ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్లే ఎక్కువగా దీని బారిన పడ్డారు. పళ్ల కాటు తేడాకీ ఈ నొప్పికీ బలమైన సంబంధం ఉందని చూపించే ఆధారాలైతే లేవు. 2023 డిసెంబర్‌లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకం, దీర్ఘకాలపు దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి ఏవంటే దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేతులతో చేసే చికిత్స, ఆలోచనా తీరునూ అలవాట్లనూ మార్చే కౌన్సెలింగ్, ఇంకా ఇంట్లో మనంతట మనం చేసుకునే జాగ్రత్తలు. కండరాన్ని సడలించే బోటాక్స్ ఇంజెక్షన్లనీ, రాత్రిపూట పెట్టుకునే మామూలు ప్లాస్టిక్ గార్డునీ కూడా నొప్పి తగ్గించడానికి వాడొద్దనే వైపే మొగ్గింది. గార్డు గురించి ఒక మాట: నిద్రలో పళ్లు కొరికి కొరికి అరిగిపోతుంటే పళ్లను కాపాడుకోవడానికి అది పనికొస్తుంది, ఆ లెక్క వేరు.

ఇంట్లో చేయాల్సినవాటిలో అన్నిటికంటే ముఖ్యం, వినడానికి మరీ చిన్నగా అనిపించేది ఒకటుంది. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. "ల" అని పలకండి, నాలుక కొన పై ముందు పళ్ల వెనక చిగురుకు ఆనుతుంది కదా, దాన్ని అక్కడే వదిలేసి దవడను వేలాడనివ్వండి. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప రోజులో పై పళ్లూ కింది పళ్లూ తగలాల్సిన పనే లేదు. నాకు ఈ సంగతి తెలిశాక ఒక్కరోజు గమనించుకుంటే, మెయిల్ టైప్ చేసేటప్పుడు, బండి నడిపేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు కూడా పళ్లు బిగపట్టే ఉన్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ "పళ్లు తగులుతున్నాయా" అని చూసుకోవడం అలవాటు చేసుకోండి, మొదటి వారం విసుగొస్తుంది, రెండో వారానికి అదే గుర్తొస్తుంది.

పొద్దునా రాత్రీ వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతో బుగ్గలకీ కణతలకీ పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి, చర్మం కాలేంత వేడి వద్దు. కాపడం అయ్యాక బుగ్గ కండరాన్ని వేళ్లతో మెల్లగా గుండ్రంగా మర్దనా చేసి, అద్దం ముందు కూర్చుని, నాలుక అంగిట్లో ఆనించి ఉంచే నోరు నెమ్మదిగా తెరిచి మూయండి. ఆరుసార్లు చొప్పున, రోజుకు ఐదారు విడతలు. గడ్డం ఒక పక్కకి పోకుండా నిటారుగా దిగేలా చూసుకోండి. నొప్పిని ఓర్చుకుని బలవంతంగా సాగదీయొద్దు, అది వ్యాయామం కాదు మొండితనం.

తిండి సంగతి. నొప్పి బాగా ఉన్న రోజుల్లో ముద్దపప్పు అన్నం, ఇడ్లీ, పెరుగన్నం లాంటివి తినండి. సకినాలు, చెరుకు ముక్కలు, మొక్కజొన్న పొత్తులు, చూయింగ్ గమ్ కొన్నాళ్లు పక్కన పెట్టండి, జామకాయ కోసుకుని తినండి. నొప్పి తగ్గాక మాత్రం మెల్లగా మామూలు తిండికి వచ్చేయాలి, నెలల తరబడి జావ తాగితే కండరం ఇంకా బలహీనమవుతుంది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. వీటన్నిటికీ కనీసం ఆరు వారాలు ఇవ్వండి. నాకు మూడు వేళ్లు పట్టేసరికి రెండు నెలలు దాటింది.

కొన్నిటికి మాత్రం ఈ చిట్కాలేవీ వద్దు. నడిచినా మెట్లెక్కినా దవడలో నొప్పి వచ్చి, ఛాతీ బరువు, చెమట, ఆయాసం కూడా ఉంటే అది గుండె కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆవలించాక నోరు మూతపడకపోతే ఇంట్లో ఎవరిచేతా నొక్కించుకోకండి, అదీ ఆసుపత్రి పనే. జ్వరం, వాపు ఉంటే జ్ఞానదంతం దగ్గర చీము పట్టిందేమో చూపించాలి.

మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సింది గుట్కా, వక్కపొడి. నోరు రోజురోజుకీ తక్కువగా తెరుచుకుంటూ, కారం తగిలితే భగ్గుమంటూ, బుగ్గ లోపల తెల్లబారి గట్టిపడితే అది కీలు సమస్య కాదు, వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయే జబ్బు. అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది, పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. అలాగే పిల్లలు పడి గడ్డానికి దెబ్బ తగిలితే కుట్లు వేయించి ఊరుకోకండి. చెవి ముందు ఎముక విరిగినా పైకి కనపడకపోవచ్చు, వదిలేస్తే కీలు అతుక్కుపోయి నోరే తెరుచుకోకుండా పోతుంది. అలాంటి వాళ్లకి ఆపరేషన్ తప్పదు, కీలు మొత్తం మార్చే శస్త్రచికిత్స కూడా ఉంది. ల్యాబ్‌లో పెంచిన మెత్తటి ఎముక ముక్కతో కీలులోని దెబ్బతిన్న బిళ్లను బాగుచేయడం 2018లో చిన్నజాతి పందుల మీద చేసి చూపించారు గానీ, మీ ఊరి క్లినిక్‌లో ఎవరైనా అలాంటిది ఇప్పుడే ఉందంటే నమ్మకండి.

ఆరు వారాల తర్వాత కూడా తేడా లేకపోతే నోరు, దవడ నొప్పులు చూసే డాక్టరు దగ్గరికో, డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగానికో వెళ్లండి. ఎన్ని వేళ్లు పడుతున్నాయో వారం వారం రాసుకున్న కాగితం, రాత్రి నిద్ర ఎలా ఉంటోందో, ఏ మాత్రలు వాడుతున్నారో పట్టుకెళ్లండి. ఏ వైద్యం చెప్పినా ఒక్క ప్రశ్న అడగండి: "ఇది నచ్చకపోతే మళ్లీ మొదట్లా చేయగలరా?" అరగదీసిన పన్ను విషయంలో జవాబు ఏమిటో మీకే తెలుసు.