ఆర్కిడ్‌కి నీళ్లెప్పుడో వేర్లే చెప్తాయి

ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా దాన్ని ఎండబెట్టి కాదు, నీళ్లు పోసి పోసి చంపుతారు. నా మొదటి మొక్క అలాగే పోయింది. తులసికి పోసినట్టు రోజూ ఓ చెంబుడు పోశాను మరి!

ఇది అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే మొక్క. వేర్లకు గాలి ఆడాలి. అందుకే మట్టి వద్దు, బెరడు ముక్కలు, కాస్త బొగ్గు చాలు. కుండీ మాత్రం లోపలి వేర్లు కనిపించే ప్లాస్టిక్‌ది తీసుకోండి. వేర్లు వెండిరంగుకి తిరిగితే దాహం వేసినట్టు. పచ్చగా ఉంటే ఆ రోజుకి ముట్టుకోకండి. పోసే రోజు కుళాయి కింద పెట్టి బాగా తడిపి, నీరంతా కారిపోయాకే సాసర్‌లో పెట్టండి. ఆకుల మధ్య నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది, టిష్యూతో అద్దేయండి.

పూలు రాలగానే కాడను మొదలంటా కోసేయకండి. ఇంకా పచ్చగా ఉంటే కింద నుంచి రెండో, మూడో కణుపుకి కాస్త పైన కోయండి. ఒక్కోసారి ఆ కణుపు నుంచే కొత్త రెమ్మ వచ్చి మళ్లీ పూస్తుంది. కాడ ఎండిపోతే మాత్రం మొత్తం తీసేయొచ్చు.